ఊరగాయ కొట్టులోని చీనా జాడీ

పింగాణీ చూసి దాని వయసు చెప్పడం ఎలాగో నేర్పమని ఈమధ్య ఒకరిద్దరు యువకులు మా ఇంటికి వస్తున్నారు. వచ్చేటప్పుడు నోటు పుస్తకం తెచ్చుకుంటారు. నేను చెప్పిందల్లా రాసుకుంటారు. ఆకారం చూడండి, బొమ్మ గీసిన చెయ్యి చూడండి, బరువు చూడండి, అడుగు చూడండి. ఇదంతా ఒక పూటలో చెప్పేయొచ్చు. చెప్పడం అయ్యేసరికి వాళ్ల మొహాల్లో ఒక ధీమా కనిపిస్తుంది. అది చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పాపం, వాళ్ల తప్పేమీ లేదు. సరిగ్గా అదే మొహం పెట్టుకుని నేనొకప్పుడు నూజివీడు వెళ్లాను.

ఇకమీదట వచ్చేవాళ్లు ముందు ఇది చదివి రండి. చదివాక కూడా రావాలనిపిస్తే కాఫీ ఇస్తాను.

నేను మద్రాసులో పాత సామాను వేలం వేసే ఒక కంపెనీలో పనిచేశాను. దొరలు బల్లలూ బీరువాలూ అమ్ముకుని ఓడలెక్కుతున్న రోజులవి. ఇటు మన వైపు జమీలు పోతాయన్న మాట గట్టిపడి, పెద్ద ఇళ్లవాళ్లు, పాత వర్తకులు ఆస్తులు పంచుకుంటున్నారు. మాకు చేతినిండా పని. మా కంపెనీలో పింగాణీ చూసేది ఒక పెద్దాయన. తమిళుడు. మాట తక్కువ, చీవాట్లు ఎక్కువ. నన్ను ఎనిమిదేళ్లు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాడు.

ఆయన చెప్పిన మొదటి పాఠం, అడుగున రాసిన రాజు పేరు అన్నిటికంటే చివర చూడమని. చైనావాళ్లు తాము చేసిన జాడీ అడుగున తమకంటే ముందటి రాజు పేరు భక్తికొద్దీ రాసుకుంటారు, దొంగసరుకు చేసేవాడూ అదే పేరు రాస్తాడు, కాబట్టి ఆ రాత వల్ల ఏదీ తేలదు అనేవాడు. రెండో పాఠం, ఎవరు చెప్పిన కథా వినొద్దని. జాడీ అమ్మేవాడు ప్రతివాడూ అది మా ముత్తాతకి చక్రవర్తి ఇచ్చాడంటాడు, నువ్వు మాత్రం చెవులు మూసుకుని కళ్లు తెరువు అనేవాడు. ఈ రెండో పాఠం నాకు మహా నచ్చింది. ఒకరి మాట వినక్కర్లేదని గురువే చెబితే ఏ శిష్యుడికి నచ్చదు?

మూడోది, కొత్త జాడీని పాతదని అమ్మేవాళ్ల పనితనం. జాడీ అడుగున నేలకి ఆనే చుట్టు అంచు ఉంటుంది. అక్కడ మెరుగు పూయరు, ఉత్త మట్టి కనిపిస్తుంది. కొత్తదైతే అది తెల్లగా ఉంటుంది. అందుకని నూనెలోనో టీ డికాక్షన్‌లోనో నానబెట్టి దాన్ని గోధుమ రంగుకి తెస్తారు. వందేళ్ల అరుగుదల కనిపించాలని పలక మీద ఇసుక పోసి, దాని మీద జాడీని గుండ్రంగా తిప్పుతారు. నిజంగా అరిగినదైతే గీతలు అడ్డదిడ్డంగా ఉంటాయి. తిప్పి అరగదీసినదైతే అన్నీ అంచు వెంట ఒకే వాటాన పోతాయి. ఇక కొత్త మెరుపు చంపడానికి ఆమ్లం పోసి కడుగుతారు. ఈ మూడూ కనిపిస్తే ఇంకేమీ చూడక్కర్లేదు. ఈ సంగతి నాకు మా పెద్దాయన కంటే బాగా తెలుసని అప్పట్లో నా నమ్మకం.

స్వతంత్రం వచ్చిన మరుసటి వేసవిలో ఆయనకి కాలు విరిగింది. నూజివీడు నుంచి ఒక మామిడి వర్తకుల ఇంటివాళ్లు, అన్నదమ్ములు వేరుపడుతున్నాం, సామానుకి విలువ కట్టే మనిషిని పంపమని రాశారు. నాది ఆ వైపే కదా అని నన్ను పంపారు. మాది ఉంగుటూరు పక్క పల్లె. ఒంటరిగా వెళ్లిన మొదటి పని. సూటు కుట్టించుకున్నాను. మే నెలలో, బెజవాడ నుంచి బొగ్గు గ్యాసు బస్సులో, సూటు. దిగేసరికి బొగ్గులోంచి తీసినట్టే ఉన్నాను.

ఆ ఇంటి పెత్తనం పెద్ద గుమాస్తాగారిది. నెమ్మదస్తుడు, ఎవరితోనూ గొడవ పెట్టుకోని మనిషి. నేను వస్తున్నానని ఇంట్లో సామానంతా తోమించి, కడిగించి, హాల్లో వరసగా పెట్టించాడు. రెండు రోజులు అద్దాలూ గడియారాలూ వెండీ చూసుకుంటూ వచ్చి, మూడో రోజు శనివారం పొద్దున జాడీల దగ్గరికి వచ్చాను.

మోకాలెత్తు చీనా జాడీలు, రెండు. తెల్లటి ఒంటి మీద నీలం డ్రాగన్లు. వెడల్పాటి మూతి, పొట్టి మెడ. వీళ్ల తాత రంగూన్‌లో వ్యాపారం చేసి వస్తూ జత తెచ్చాడని గుమాస్తాగారు రాయించిన జాబితాలో ఉంది. ఒకటి ఎప్పుడూ హాల్లోనే ఉండేదట. రెండోదాన్ని ఊరగాయల కొట్టులోంచి తెచ్చారు.

ఆ కొట్టు గురించి చెప్పాలి. ఏటా మామిడికాయల కాలంలో ఆ ఇంట్లో పెట్టే ఊరగాయ ఇంటికీ, తోటల్లో పనిచేసే కూలీలకీ, వచ్చేపోయే చుట్టాలకీ ఏడాది పొడుగునా సరిపోవాలి. నాలుగు చేతులు పడితే ఊరగాయ బూజు పడుతుందని, కొట్టులోకి ఒక్క మనిషే వెళ్లాలని వాళ్ల కట్టడి. మగవాళ్లు ఆ గడప తొక్కరు. కోడళ్లు కూడా గుమ్మం బయట గిన్నె పట్టుకుని నిలబడాల్సిందే. లోపలికి వెళ్లే ఆ ఒక్క మనిషి వాళ్లకి దూరపు చుట్టం. చిన్నతనంలోనే భర్త పోతే ఈ ఇల్లు చేరి, ముప్పై ఏళ్లుగా కొట్టు తాళంచెవి బొడ్లో దోపుకుని తిరుగుతోంది. ఇంటిల్లిపాదీ ఆవిడని పెద్దమ్మ అనేవారు.

హాల్లో జాడీ చూశాను. దివ్యంగా ఉంది. రెండువందల ఏళ్లకి తక్కువ ఉండదు. అడుగున అడ్డదిడ్డపు గీతలు, లేత మట్టి రంగు. తరవాత రెండోదాన్ని తిరగేశాను. అడుగు అంచు ముదురు గోధుమ రంగు, నూనె పట్టినట్టు. గీతలన్నీ అంచు వెంట గుండ్రంగా, ఒకే వాటాన. లోపల మెరుపు చచ్చిపోయి ఉంది. బయటేమో, ఆమ్లం పోయడం మరిచారన్నట్టు, నిన్న చేసినంత కొత్తగా తళతళలాడుతోంది. నా గుండె సంతోషంతో ఎగిరిందంటే నమ్ముతారా? దొంగ దొరికాడన్న సంతోషం.

ఇక్కడొక మాట ఒప్పుకోవాలి. రెండు జాడీల మీదా డ్రాగన్ గోళ్లు ఒకే చేతివి. గోరు చివర కుంచె ఎత్తేటప్పుడు ఆ పనివాడికి చిన్న వంపు అలవాటు. రెండింటిలోనూ ఆ వంపు ఉంది. అది నా కంటికి కనిపించింది. నకలు తీసినవాడు ఘటికుడు అనుకుని సరిపెట్టుకున్నాను. కన్ను నిజమే చెప్పింది, నా తెలివి దాని నోరు నొక్కేసింది.

అన్నదమ్ములిద్దరూ, గుమాస్తాగారూ వింటుండగా చెప్పాను. ఇది అసలు, ఇది నకలు, ఈమధ్య చేసింది అని. మూడు గుర్తులూ వేలు పెట్టి చూపించాను. సగం ఇంగ్లీషులో చెప్పాను కూడా, సిగ్గులేకుండా. తాత తెచ్చింది జత అయితే మరి అసలు రెండోది ఏమైంది అని తమ్ముడు అడిగాడు. అది చెప్పడం నా పని కాదన్నాను. అలా అన్నందుకు నన్ను నేను పెద్దమనిషిననుకున్నాను. చెప్పక్కర్లేదు కదా, కొట్టు తాళం ఎవరి దగ్గరుందో ఇంట్లో అందరికీ తెలుసు.

పెద్దమ్మని పిలిపించారు. సన్నగా, పొడుగ్గా, వంగని మనిషి. ఏం జరిగిందో ఎవరూ సరిగ్గా చెప్పలేదు, జాడీ మారిపోయిందట అన్నారు. ఆవిడ దాన్ని ఒకసారి చూసి, నాతోనే అంది.

"ఇది నేనొచ్చినప్పట్నుంచీ మాగాయ జాడీయేనండి బాబూ. మారడానికేముంది?"

నేను జాడీలోకి తల వంచి వాసన చూశాను. కుంకుడుకాయ వాసన తప్ప ఇంకేమీ లేదు. సామాను తళతళలాడాలన్న గుమాస్తాగారి ఆజ్ఞ ప్రకారం ఆవిడే మూడు రోజులు బూడిదతోనూ, చింతపండుతోనూ, కుంకుడురసంతోనూ తోమి ఎండబెట్టిందని నాకు తరవాత తెలిసింది. ఆవిడకున్న సాక్ష్యాన్ని ఆవిడ చేతే కడిగించారు. నేనైతే, కథలు వినొద్దన్న గురువుగారి మాట తలుచుకుని, అందరికీ కనిపించేలా చిన్నగా నవ్వాను. ఆ నవ్వు చాలింది. అన్నగారు ఆవిడని ఒక్క మాట అనలేదు. తాళంచెవి అక్కడ పెట్టి వెళ్లు పెద్దమ్మా అన్నాడు, అంతే. బొడ్లోంచి తీసి బల్ల మీద పెట్టింది. సాయంత్రానికి విస్సన్నపేటలో ఉన్న తన అన్న కూతురి ఇంటికి వెళ్లిపోయింది.

జాబితా రాసిచ్చి, అన్నదమ్ములిద్దరి చేతా సంతకాలు పెట్టించుకుని, ఆదివారం మా ఊరు వెళ్లాను. మద్రాసు మెయిల్‌కి శుక్రవారం టికెట్టు ఉంది. నాలుగు రోజులు అమ్మ దగ్గర ఉండొచ్చని ఆశ. అక్కడ ఊరగాయల సందడి. మంగళవారం పొద్దున అమ్మ ఆవకాయ తిరగకలుపుతోంది. మూడో రోజు జాడీలోంచి తీసి, ఉప్పు చూసి, మళ్లీ నూనె పోసి కలిపి ఎత్తిపెడతారు కదా, అదీ. నూనె పైకి పొర్లి, జాడీ ఒంటి మీదుగా జారి, అడుగున మడుగు కట్టింది. జాడీ గది మూలకి చేరాలి. నిండు జాడీ, ఎత్తలేదు. నేను సాయం పడతానని లేచాను. నీ సూటుకి అంటుతుంది, కూర్చో అంది. కూర్చున్నాను.

అమ్మ జాడీని తన వైపు కాస్త వాల్చి, అడుగు అంచు మీద నిలబెట్టి, రెండు చేతులతో తిప్పుకుంటూ బండల మీద దొర్లించుకుపోయింది. గర్రుమని చప్పుడు. ఆ చప్పుడు వింటూనే లేచాను. పాత ఖాళీ జాడీ ఒకటి ఉంటే వెళ్లి తిరగేశాను. అంచు ముదురు గోధుమ రంగు, నూనె పట్టి. గీతలన్నీ గుండ్రంగా, ఒకే వాటాన. లోపల ఉప్పుకీ పులుపుకీ మెరుపు చచ్చిపోయి ఉంది. చీకటి గదిలో ఉండడం వల్ల బయట మాత్రం తళతళలాడుతోంది.

పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ చూస్తున్న పని అది. ఏటా చూశాను. పెరటి చెట్టు మందుకి పనికిరాదన్నట్టు, చైనా గురించి మద్రాసులో నేర్చుకున్నదే చదువనుకున్నాను. మామిడి దేశంలో పుట్టినవాడు తప్ప ఈ భూప్రపంచంలో ఇంకెవరూ పోల్చలేని గుర్తు అది. ఆ దేశంలో పుట్టిన నేనే దాన్ని పోల్చలేకపోయాను. అమ్మ ఏమైందిరా అని అడిగింది. ఏం లేదన్నాను.

బుధవారం నూజివీడు వెళ్లి గుమాస్తాగారికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన గడ్డం నిమురుకుంటూ, ఆవిడ అలాంటి మనిషి కాదని తనకి తెలుసన్నాడు. ఆ తరవాత అన్నాడు.

"మీరిచ్చిన లిస్టు మీద సంతకాలైపోయినయ్యండి. ఇప్పుడు ఒక్కటి తప్పంటే, మిగతావాటి సంగతేంటని అడగరా? అన్నదమ్ములు మళ్లీ మొదటికొస్తారు. మీ కంపెనీకీ మాటొస్తుంది."

తొందరపడొద్దని సలహా ఇచ్చాడు. అయినా గురువారం విస్సన్నపేట బస్సెక్కాను. నాలో ఎంతో కొంత మంచి ఉందని చెప్పుకోవడానికి ఆ బస్సు ప్రయాణం ఒక్కటే నాకు మిగిలింది.

ఆవిడ అన్న కూతురి ఇంటి పంచలో కూర్చుని మామిడి టెంకలు చీలుస్తోంది. నన్ను చూసి లేచి, పీట వేసి, మజ్జిగ తెచ్చింది. తప్పు నాదని చెప్పాను. దొర్లించిన గీతలని పోల్చుకోలేకపోయానని చెప్పాను. ఆవిడ అంతా విని, మీదే ఊరు బాబూ అని అడిగింది. ఉంగుటూరు దగ్గర అన్నాను. అప్పటిదాకా మీరు అన్న మనిషి నువ్వులోకి దిగింది.

"మరి మీ అమ్మ ఊరగాయ పెట్టదా నాయనా?"

నేను జేబులోంచి కాగితం తీసి, తప్పు నాదేనని రాసి సంతకం పెట్టి ఇస్తానన్నాను. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. ఈ ఊళ్లో ఊరగాయలు కలపడానికి ఇద్దరు పిలిచారట, సంగతి తెలిసి వద్దని కబురు పెట్టారట. అన్న కూతురు కూడా బీరువాకి తాళం వేసుకుంటోందట. అన్న కూతురు లోపల వింటోంది, అయినా గొంతు తగ్గించలేదు.

"నాకు చదువు రాదు, కాగితం ఏం చేసుకోను? రేపు శుక్రవారం పంపకాలు. ఊళ్లో పెద్దలంతా వస్తారు. ఆ హాల్లోనే, ఆ నోటితోనే, ఇది ఆ జాడీయేనని చెప్పు. ఆ కొట్టులోకి మళ్లీ వెళ్లాలని నాకేం లేదు. ఆ మాటొక్కటి చెప్పు, చాలు."

వస్తానమ్మా అన్నాను. తప్పకుండా అన్నాను. ఆవిడ చెయ్యి పట్టుకుని మరీ అన్నాను.

సాయంత్రం నూజివీడులో గుమాస్తాగారు నా కోసం సత్రం దగ్గర కాచుకుని ఉన్నాడు. మద్రాసు వెళ్లి కంపెనీ కాగితం మీద మర్యాదగా ఒక ఉత్తరం రాయమన్నాడు. నలుగురిలో నోటిమాటగా అంటే రభస అవుతుందనీ, ఉత్తరమైతే సమయం చూసి తానే చదివి వినిపిస్తాననీ, ఆవిడ పేరూ నిలబడుతుంది, నా పేరూ నిలబడుతుందనీ అన్నాడు. అది నాకు ఎంత సబబుగా తోచిందో చెప్పలేను. నాకు ఏం కావాలో అదే ఇంకొకడి నోట వచ్చింది మరి. ఆ రాత్రి పడుకుని, ఉత్తరం ఇంగ్లీషులో ఎలా మొదలుపెట్టాలా అని ఆలోచించాను. ఆవిడ గురించి ఆలోచించలేదు.

శుక్రవారం తెల్లవారుతూనే బెజవాడ బస్సెక్కి మెయిల్ అందుకున్నాను. శనివారం బండికి వెళ్తే ఆకాశం ఊడిపడేది కాదు. కంపెనీలో ఒక్క పూట చీవాట్లు. ఎనిమిదేళ్లుగా తింటున్నవే.

మద్రాసు చేరి ఉత్తరం రాశాను. చాలా మంచి ఉత్తరం. తప్పు పూర్తిగా నాదేననీ, రెండు జాడీలూ ఒకే వయసువనీ, ఆ ఇంటి ఆవిడ మీద ఏ అనుమానానికీ తావు లేదనీ స్పష్టంగా రాశాను. మా పెద్దాయనకి మంచం దగ్గర చదివి వినిపించాను. ఆయన అంతా విని, కథ వినొద్దన్నాను గానీ, జాడీలో ఏం పోసేవాళ్లో అడగొద్దన్నానా అన్నాడు. ఆవిడ చెప్పిందండి, నేనే వినలేదు అన్నాను. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఉద్యోగంలో ఆ తరవాత నాకేమీ నష్టం జరగలేదు. మీరు నన్ను వెతుక్కుంటూ వస్తున్నారంటేనే తెలుస్తోంది కదా. ఎన్నో హాళ్లలో, ఎంతోమంది ముందు, ఇది నకలు అని గట్టిగా చెప్పాను. పొరపాటు పడ్డాను అన్న మాట మాత్రం నలుగురి ముందూ అనలేదు, కాగితం మీదే రాశాను, అదీ ఒక్కసారి.

ఇరవై రోజులకి గుమాస్తాగారి జవాబు వచ్చింది. నా ఉత్తరం పంపకాలయ్యాక చేరిందట. అన్నదమ్ములకి చదివి వినిపించాడట. కింద ఇంకొక విషయం రాశాడు. శుక్రవారం పొద్దున్నే పెద్దమ్మ విస్సన్నపేట నుంచి వచ్చిందట. అరుగు మీద కూర్చోమన్నా కూర్చోకుండా వీధి గుమ్మంలో నిలబడిందట. బస్సు చప్పుడైనప్పుడల్లా రోడ్డు దాకా వెళ్లి చూసి వచ్చేదట. మద్రాసు బాబు వస్తున్నాడు, వచ్చి చెబుతాడు అని పెద్దలందరితోనూ చెప్పిందట. వాళ్లు మధ్యాహ్నం దాకా ఆగి, ఇక ఆగలేక పంపకాలు కానిచ్చారట.

చివర్న రాశాడు. తమరు వస్తానన్న మాట నిజమేనా, లేక ఆవిడే కల్పించి చెప్పిందా అని చిన్నబాబుగారు అడగమన్నారు. ఆవిడ మద్రాసుకి ఎవరి చేతో రాయించి, బతిమాలుకుంటే జాలిపడి తమరు ఆ ఉత్తరం రాశారేమోనని ఆయన అనుమానం. ఒక్క ముక్క రాసి పంపితే ఇంతటితో తేలిపోతుంది.

నిజమే, వస్తానన్నాను అని రాస్తే చాలు. కార్డు ముక్క సరిపోయేది. కానీ అలా రాస్తే, మరి ఎందుకు రాలేదని అడుగుతారు.

నేను జవాబు రాయలేదు.